బండికి బలం మందు

పక్కింటాయన కొత్త కారు కొంటే మనం రంగు అడగం, ధర తర్వాత అడుగుతాం. మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎంతిస్తుంది?" అలాంటి జాతిలో పుట్టిన నేను, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు తాగి నీరసించిన నా పాత కారుకు బలం మందు కొనడంలో వింతేముంది? పెట్రోల్లో కలిపితే మైలేజీ పెరుగుతుందట, ట్యాంకుకు ఒక సీసా. సీసా 200 రూపాయలు. "ఇంధనం పూర్తిగా మండుతుంది" అని మంట బొమ్మతో సహా రాసి ఉంది.

దేశహితం కోరి దీన్ని శాస్త్రీయంగా పరీక్షించాలని తీర్మానించాను. ముందు లెక్క. లీటరు 107 రూపాయలు వేసుకుంటే 40 లీటర్లకు 4,280. అందులో 200 అంటే దాదాపు 5 శాతం. మైలేజీ అంత పెరిగితే సీసా ఖర్చు సీసాకే సరి. లాభం ఆ పైన మొదలవుతుంది. కొసరు కొత్తిమీర కోసం పావుగంట వాదించే మనకు ఈ భాగహారం ఎందుకో తట్టదు.

ఇక పూర్తిగా మండటం సంగతి. ఇంజిన్ బాగుంటే పెట్రోలు ఇప్పటికే నూటికి 97, 98 పాళ్లు మండుతోంది. నష్టమంతా మండాకే: రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి వేడిగా పోతుంది. చక్రాల దాకా చేరేది పావు వంతు, అటూ ఇటూగా. మండకుండా మిగిలే ఆ రెండు మూడు పాళ్లలోంచి 5 శాతం పిండాలంటే సీసాలో అక్షయపాత్ర ఉండాలి. (ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు పట్టిన మసిని కడిగే మందులు నిజంగానే ఉన్నాయి. కానీ స్నానం చేయిస్తే మురికి వల్ల పోయిన మైలేజీ తిరిగొస్తుందే గానీ కొత్తది పుట్టదు.) అమెరికాలో పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ ఇలాంటి మందులు, పరికరాలు వందకు పైగా పరీక్షించి, పనికొచ్చినవి బహు కొద్ది అని తేల్చింది. మన గుంతల గురించి వాళ్లకేం తెలుసు?

అదే బంకు, అదే పంపు, ఆటోకట్ దాకా ఫుల్ ట్యాంకు, టైర్లలో అదే గాలి. సీసా పోశాను. 14 ఇచ్చే బండి 15 ఇచ్చింది! అయితే పరీక్ష జరుగుతోంది కదా అని ఆ ట్యాంకంతా నేను 60 దాటలేదు, ఏసీ వెయ్యలేదు, సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ ఆపేశాను. మందు పనిచేసిన మాట నిజం, నా కుడికాలి మీద.

అందుకని రెండో దఫా మా ఆవిడకు అప్పగించాను. నాలుగు ట్యాంకుల్లో తనకు నచ్చిన రెండింటిలో పోయాలి, ఎందులో పోసిందీ నాకు చెప్పకూడదు. నాలుగూ 15 ఇచ్చాయి. ఏవి ఏవని అడిగితే, "ఒక్కదాంట్లోనూ పోయలేదండీ. అంత డబ్బు పోసి కొన్నవి ఊరికే ఒంపేస్తామా? అటక మీద దాచాను" అంది.

సీసాలు తిరిగిచ్చేద్దామని కొట్టుకు వెళ్లి జరిగిందంతా చెప్పాను. కొట్టాయన కళ్లు మెరిశాయి.

"అటక మీదుంటేనే ఇంత పనిచేసిందంటే, ఇక ట్యాంకులో పోస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి సార్!"