చిలకరింపు బాప్తిస్మం 1311లో పుట్టిందా?

మూడు రోజులుగా మా చర్చి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. గ్రీకులో బాప్తిస్మం అంటే ముంచడమే, ఇంకో అర్థం లేదట. చిలకరించడం 1311లో ఇటలీలోని రవెన్నాలో జరిగిన చర్చి పెద్దల సభలో కాథలిక్కులు కనిపెట్టిందట. కాబట్టి అలా తీసుకున్నవాళ్లకు రక్షణ లేదు, మళ్లీ మునగాల్సిందేనట. తుంటి విరిగి మంచం మీదున్న మా పెద్దమ్మ ఇది చదివి టెన్షన్ పడిపోయి నాకు ఫోన్ చేసింది. నేను కాలవలో దిగి మునిగినవాణ్ణే, అదే మంచి పద్ధతని నమ్ముతాను కూడా. అయినా ఈ మెసేజ్ తప్పు.

ముందు 1311 సంగతి చూద్దాం. రవెన్నాలో సభ జరిగింది నిజం, ముంచినా చిలకరించినా పర్లేదని అక్కడ అన్నదీ నిజం. అన్నంతమాత్రాన అప్పుడే పుట్టిందనా? మొదటి శతాబ్దం చివరిదో రెండో శతాబ్దం మొదటిదో 'డిడాకే' అనే బోధల పుస్తకం ఒకటుంది. పారే నీళ్లలో ఇవ్వండి, లేకపోతే వేరే నీళ్లలో, చన్నీళ్లు కుదరకపోతే వేణ్నీళ్లలో, ఏవీ సరిపడా లేకపోతే తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో తలమీద మూడుసార్లు పోయండి అని అందులో ఉంది. అంటే రవెన్నాకి పన్నెండు వందల ఏళ్ల ముందుమాట! సుమారు 255లో కార్తేజి బిషప్ సిప్రియన్‌ని సరిగ్గా మా పెద్దమ్మ ప్రశ్నే అడిగారు, రోగంతో మంచాన పడ్డవాళ్లకు నీళ్లు చల్లి ఇచ్చింది బాప్తిస్మమేనా అని. 'మీమీద శుద్ధజలం చల్లుతాను' అనే యెహెజ్కేలు 36:25 చూపించి, బాప్తిస్మమేనని జవాబు రాశాడాయన.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఇవి నీళ్లు చాలనప్పుడో, ఒళ్లు సహకరించనప్పుడో చేసిన ఏర్పాట్లు, మామూలుగా అయితే ముంచడమే ఎక్కువ వాడుక. జబ్బులో బాప్తిస్మం తీసుకున్నవాళ్లను సంఘపెద్దలుగా నియమించడానికి నాలుగో శతాబ్దపు నియోకైసరియ చర్చి సభ అభ్యంతరం కూడా పెట్టింది.

గ్రీకు మాటకి ప్రధాన అర్థం ముంచడమే, కాదనను. కానీ లూకా 11:38లో యేసు భోజనానికి ముందు కడుక్కోలేదని పరిసయ్యుడు ఆశ్చర్యపడిన చోట ఉన్నదీ అదే క్రియ. అన్నానికి పిలిచినవాడు అతిథి నిలువునా మునిగి రావాలని చూస్తాడా?

అలాగని చిలకరింపు వైపువాళ్ల వాదనలన్నీ గట్టివి కావు. పెంతెకొస్తునాడు బాప్తిస్మం తీసుకున్న మూడువేలమందిని ముంచడం అసాధ్యం అంటారు కదా, 1878 జులై 3న మన ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి మిషన్‌వాళ్లు ఒక్కరోజే 2,222 మందికి ముంచి ఇచ్చారు. ఇచ్చినవాళ్లు ఆరుగురు, అదీ ఒకసారికి ఇద్దరిద్దరు.

ఇక రక్షణ మాట. బాప్తిస్మం లేకుండానే పరదైసు మాట పొందిన సిలువమీద దొంగ గురించి చెబితే "అది అంతకుముందు కాలం" అంటారు, సరే, అపొస్తలుల కార్యాలు 10 తీయండి. రోమా సైనికాధికారి కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ ముందు దిగాడు, నీళ్లు తర్వాత వచ్చాయి. బాప్తిస్మం రక్షిస్తుందన్న 1 పేతురు 3:21 కూడా ఆ వెంటనే అది ఒంటి మురికి పోగొట్టుకోవడం కాదని, మనస్సాక్షి సంగతని అంటుంది. రోమా 6లోని క్రీస్తుతోపాటు పాతిపెట్టడం అనే పోలిక మునిగితేనే కళ్లకు కడుతుంది, అందుకే నాకా పద్ధతి ఇష్టం. కానీ పోలిక బాగా కనిపించలేదని రక్షణే లేదనడం ఎక్కడి న్యాయం?

పైగా ముంచడానికి పేరుపడ్డ బాప్టిస్టుల సంగతే చూడండి. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదటి బాప్టిస్టు సంఘం పెట్టిన జాన్ స్మిత్ తన తలమీద తానే నీళ్లు పోసుకుని, తర్వాత తనవాళ్లకీ పోశాడు. ఇంగ్లిష్ బాప్టిస్టులు ముంచడం మొదలుపెట్టింది 1640ల ప్రాంతంలో. ఈ మెసేజ్ లెక్కన మొదటి బాప్టిస్టులకే రక్షణ లేదన్నమాట!