కోటి మొక్కల మెసేజ్‌కి నా జవాబు

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు, నేను గౌరవించేవాళ్లు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. "నగరాల కర్బన తగ్గింపు ప్రణాళికల వెనక మోసం" అని మొదలై, ఏడు పాయింట్లు చెప్పి, "పది మందికి పంపండి" అని ముగుస్తుంది. ఆ ఏడూ క్లుప్తంగా ఇవి: నగరాలు ఉన్నది భూమిలో మూడు శాతం నేల మీద, వాటివల్ల ఒరిగేదేమీ లేదు. మనుషులు వదిలే ఊపిరిలోనూ అదే కార్బన్ డయాక్సైడ్ ఉంది, దాన్నేం చేస్తారు? చెత్త కుళ్లడం ప్రకృతి ధర్మం. విద్యుత్ బస్సూ చివరికి బొగ్గుతోనే నడుస్తుంది. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ గొప్పలు చెప్పుకుని బోర్లాపడింది. నగరం నడిబొడ్డుకు వచ్చే కార్ల మీద రుసుము, పదిహేను నిమిషాల నగరం అనేవి జనాన్ని బంధించే ఎత్తులు. ఇవన్నీ మానేసి కోటి మొక్కలు నాటితే సమస్య తీరిపోతుంది.

మొదటి రెండింటి మీద ఎక్కువసేపు ఆగను. నేల మూడు శాతమే కావచ్చు, కానీ కాలేది ఎంత అన్నది కదా ప్రశ్న? వాతావరణ మార్పును అంచనా వేసే ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం 2020లో ప్రపంచ ఉద్గారాల్లో, అంటే గాలిలోకి వదిలే వేడిని పట్టే వాయువుల్లో, 67 నుంచి 72 శాతం నగరాలవే. ఇక ఊపిరి సంగతి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం తిన్న పంట గాలిలోంచి తీసుకున్నదే, తిరిగి గాలిలోకే పోతోంది. బొగ్గు, పెట్రోలు అలా కాదు, కోట్ల ఏళ్లు భూమి లోపల ఉన్నదాన్ని తవ్వి తీసి మండిస్తున్నాం. ఈ రెండూ ఒకటే అనడం చదువుకున్నవాళ్లు పంపాల్సిన మాట కాదు.

ఇప్పుడు చివరి పాయింటుకు వస్తాను. మెసేజ్‌లో అన్నిటికన్నా హాని చేసేది ఇదే, ఎందుకంటే వినడానికి అన్నిటికన్నా మంచిగా ఉన్నదీ ఇదే. మొక్కలు వద్దని ఎవరంటారు? అందుకే ఎవరూ లెక్క వేయరు. రండి, వేద్దాం. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, దాదాపు 670 లీటర్లు తాగుతుంది. అంటే ఏడాదికి ఒకటిన్నర టన్ను. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి పీల్చుకునేది జాతిని బట్టి, నేలను బట్టి మారుతుంది కానీ, ఉజ్జాయింపుగా 20 కిలోలు అనుకోవచ్చు. అంటే ఒక్క కారుకు 75 పెద్ద చెట్లు. గుర్తుంచుకోండి, నిన్న నాటిన మొక్కలు కావు, పెద్ద చెట్లు.

నగరంలో పది లక్షల కార్లు ఉన్నాయనుకోండి. ఏడున్నర కోట్ల చెట్లు కావాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఐదు మీటర్లు వదిలినా దాదాపు 1,900 చదరపు కిలోమీటర్ల నేల పడుతుంది. గ్రేటర్ లండన్ మొత్తం వైశాల్యమే 1,572 చదరపు కిలోమీటర్లు. ఇళ్లూ రోడ్లూ అన్నీ పడగొట్టి అడవి పెంచినా చాలదు. ఇంకా ఇందులో లారీలు లేవు, బైకులు లేవు, ఏసీలు లేవు, చెత్త లేదు. కార్లకే ఇంత. ఎక్కడ నాటుతారు చెప్పండి? మెసేజ్ రాసినవారు ఈ లెక్క ఒక్కసారైనా వేశారా? పంపిన మీరు వేశారా?

పైగా నాటిన రోజు ఫొటో ఉంటుంది, మూడో ఏడు మొక్క ఉండదు. బతికిన మొక్క కూడా లెక్కకు వచ్చేంత చెట్టు కావడానికి పది, ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత ఎండిపోయినా, పొయ్యిలోకి పోయినా దాచుకున్నదంతా మళ్లీ గాలిలోకే. నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకొకటి. రోడ్డు వెడల్పు కోసం అరవై ఏళ్ల చెట్టును నరికి, "బదులుగా పది మొక్కలు నాటుతాం" అని కాగితం మీద రాసేవాళ్లకు ఈ మెసేజ్ వరంలా పనికొస్తుంది. చెట్టు విలువ నాకు తెలుసు. వీధికి నీడనిస్తుంది, గోడ వేడెక్కనివ్వదు, ఏసీ నడిచే గంటలు తగ్గిస్తుంది, వాన నీటిని నేలలోకి దింపుతుంది. ఆ పనుల కోసం ప్రతి వీధిలోనూ చెట్లుండాలి. అంతేగాని కార్ల పొగకు క్షమాపణ పత్రంగా వాటిని వాడకండి.

విద్యుత్ బస్సు గురించి మెసేజ్ చెప్పినదాన్ని మాత్రం నేను తోసిపుచ్చను. అందులో నిజం ఉంది. పెద్ద సిటీ బస్సుకు కిలోమీటరుకు అటూ ఇటూగా ఒక యూనిట్ కరెంటు కావాలి. ఆ యూనిట్ పూర్తిగా బొగ్గుతో వచ్చిందైతే దాని వెనక కిలోకు కాస్త అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. లీటరు డీజిల్ మండితే వచ్చేది దాదాపు 2.7 కిలోలు, అంటే లీటరుకు మూడు కిలోమీటర్లు నడిచే డీజిల్ బస్సు కిలోమీటరుకు వదిలేదీ ఇంచుమించు ఒక కిలోయే. కాబట్టి అచ్చంగా బొగ్గు కరెంటుతో నడిచే చోట, ఈ వాయువు వరకే చూస్తే, బస్సు మార్చడం వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. ఈ విషయం దాచిపెట్టి బస్సుల మీద పచ్చరంగు వేసి రిబ్బన్లు కత్తిరించే ప్రణాళికను నేనూ ప్రశ్నిస్తాను.

కానీ దాన్నుంచి "అయితే ఏమీ చేయొద్దు" అన్న ముగింపుకు ఎలా దూకారు? ఈ రోజు కొన్న బస్సు పదేళ్లకు పైగా తిరుగుతుంది. కరెంటులో సౌర, పవన విద్యుత్ వాటా పెరిగే కొద్దీ అదే బస్సు ఏటికేడు శుభ్రపడుతుంది. డీజిల్ బస్సు చివరి రోజు వరకూ లీటరుకు 2.7 కిలోలే. అందుకే సరైన ప్రణాళికలో బస్సు, కరెంటు ఒకే పేజీలో ఉంటాయి. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికల్లా తన 16,000 పైచిలుకు బస్సులన్నిటినీ విద్యుత్‌కు మార్చింది. వీధిలో డీజిల్ పొగ, ఇంజిన్ రొద పోవడం కూడా లాభమే కదా? ఇంకో సంగతి, యాభై మందిని ఎక్కించుకున్న డీజిల్ బస్సు కూడా, ఒక్కొక్కరే కూర్చున్న యాభై కార్ల కన్నా ఎన్నో రెట్లు మేలు. ఆ మాట మెసేజ్‌లో ఎక్కడా లేదు.

చెత్త కుళ్లడం ప్రకృతి ధర్మమేనట. అడవిలో ఆకు కుళ్లడం నిజంగానే ప్రకృతి ధర్మం, దానికి గాలి తగులుతుంది. పది అంతస్తుల ఎత్తు గుట్టగా పోసిన చెత్త అడుగున గాలి ఉండదు. అక్కడ పుట్టేది మీథేన్. ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 80 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. డంపింగ్ యార్డులు వేసవిలో రోజుల తరబడి ఎందుకు తగలబడతాయనుకుంటున్నారు? తడి చెత్త వేరు చేసి కంపోస్టు చేసినా, మూసిన ట్యాంకులో కుళ్లబెట్టి గ్యాస్ పట్టుకున్నా గుట్టకు చేరేది తగ్గిపోతుంది. ఇటలీలో మిలాన్ 2012 నుంచి 2014 లోపు నగరం మొత్తంలో వంటింటి చెత్తను ఇంటింటి నుంచీ విడిగా సేకరించడం మొదలుపెట్టింది. నగరాల ప్రణాళికల్లో త్వరగా ఫలితం ఇచ్చే పనుల్లో ఇదొకటి. దీన్నే వెక్కిరించాలా?

కోపెన్‌హాగెన్ విషయానికి వస్తే, 2025 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామన్నది, అంటే వదిలినంతా ఏదో రకంగా సరిచేస్తామన్నది నిజం, కుదరదని 2022లో ఒప్పుకున్నదీ నిజం. చెత్తను కాల్చి కరెంటు, వేడి తీసే ప్లాంటు పొగగొట్టం దగ్గర కార్బన్ పట్టే యంత్రాలు పెట్టాలనుకున్నారు, దానికి డబ్బు సమకూరలేదు. కానీ 2005తో పోలిస్తే అప్పటికే ఉద్గారాలు సగానికి పైగా తగ్గాయి. చలికి ఇళ్లను వేడిచేసే ఒకే వేడినీటి గొట్టాల వ్యవస్థలో దాదాపు ఇళ్లన్నీ ఉండడం, బొగ్గు వాడకం మానేయడం, గాలిమరలు పెట్టడం వల్ల అది సాధ్యమైంది. బొగ్గు బదులు కట్టె కాల్చడం ఎంతవరకు మేలన్నది వాదించదగ్గ విషయమే, వాదించండి. సున్నాకు చేరలేదు కాబట్టి మోసం అంటే మాత్రం ఒప్పుకోను. న్యూయార్క్‌ను చూడండి. అక్కడ ఉద్గారాల్లో మూడింట రెండొంతులు భవనాలవి. అందుకే 2019లో చట్టం చేసి, 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలకు 2024 నుంచి ఏటా వదిలే ఉద్గారాలకు పరిమితి పెట్టారు. కిటికీలు, బాయిలర్లు, గోడల్లోంచి వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ ఫొటోకు అందంగా ఉండవు, కానీ పని అక్కడే ఉంది.

మిగిలింది జనాన్ని బంధించే కుట్ర. పదిహేను నిమిషాల నగరం అంటే బడి, ఆసుపత్రి, దుకాణం, పార్కు ఇంటికి నడక దూరంలో ఉండాలన్న ఆలోచన. గేటు వేసి ఎవరినీ ఆపమని అందులో లేదు. పిల్లను బడికి దింపడానికి కారు తీయనక్కర్లేకపోవడం జైలు ఎలా అవుతుంది?

కార్ల రుసుము విషయంలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగింది వినండి. ముందు 2005 ఆగస్టులో బస్సులు పెంచారు. ఆ తర్వాత 2006 జనవరి నుంచి జూలై వరకు ప్రయోగంగా రుసుము పెట్టారు. మొదలుకాక ముందు వ్యతిరేకించినవాళ్లే ఎక్కువ. నగరం నడిబొడ్డుకు వచ్చే పోయే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గాయి. ప్రయోగం ఆపగానే మళ్లీ పెరిగాయి. ఆ తేడా కళ్లారా చూశాక, సెప్టెంబరులో ప్రజాభిప్రాయం అడిగితే నగరవాసుల్లో ఎక్కువమంది కావాలన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. బస్సులు పెంచకుండా ముందే రుసుము వేస్తామని మీ నగరం అంటే ఎదిరించండి, నేనూ మీతో వస్తాను. బస్సులు వచ్చాక కూడా కారు దిగబోమంటే మాత్రం, దానికి కుట్ర అని పేరు పెట్టి నాకు పంపకండి.