ముగ్గుపిండి మ్యాపును తీసిపారేయకండి

శాటిలైట్ ఫొటోలుండగా రచ్చబండ దగ్గర ముగ్గుపిండితో ఊరి వనరుల పటం గీయించడం కాలక్షేపమేనని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. చెరువు ఎంతుందో శాటిలైట్ చూపిస్తుంది. తూము ఎందుకు పూడిందో, ఏ బోరు మార్చి దాటితే ఎండిపోతుందో ఊళ్లోవాళ్లే చెప్పాలి. ఆడవాళ్ల చేతికి పిండి ఇచ్చి చూడండి, మగవాళ్లు మర్చిపోయిన మంచినీళ్ల బావి, కట్టెలు తెచ్చుకునే దారి పటంలోకొస్తాయి.

ఊళ్లోవాళ్ల లెక్కకు ఒక ఉదాహరణ చెప్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్ సహా 7 కరువు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో నడిచిన భూగర్భజల ప్రాజెక్టులో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచేవారు. రబీకి ముందు నీటి లెక్క వేసుకుని, ఏ పంట వేయాలో అప్పుడు ఆలోచించుకునేవారు.

నా కంప్లయింట్ వేరే. గీసిన పటాన్ని చార్టు మీదికెక్కించి ఆఫీసర్లు పట్టుకుపోతే ఊరికేం మిగిలినట్టు? పంచాయతీ గోడ మీద పెయింట్ వేయించండి, అదీ అందరికీ కనబడేవైపు.