పక్కింటోళ్ల మోడ్

డల్లాస్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు కిందటేడు ఎర్ర మస్టాంగ్ కారు కొన్నాడు. కొన్నవాడు ఊరుకోకుండా, గ్యారేజీలో దాన్ని స్టార్ట్ చేసి, ఆ చప్పుడును పది సెకన్ల వీడియో తీసి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ముందు పులి ఆవలించినట్టు ఒక్క అరుపు. తర్వాత పెద్ద గిన్నెలో గుగ్గిళ్లు ఉడుకుతున్నట్టు గుడగుడ, గుడగుడ. మా మేనత్త విని, "ఇంజన్ల ఏదో ఊడి తిరుగుతున్నది బిడ్డా, వాపస్ ఇచ్చెయ్యి" అని మెసేజ్ పెట్టింది. మిగతావాళ్లు బొటనవేళ్లు, దండాలు పెట్టి వదిలేశారు. నేను మాత్రం ఆఫీసులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ పది సెకన్లను పద్నాలుగు సార్లు విన్నాను. ఏం పాటని పక్క సీటాయన అడిగాడు కూడా.

నాదీ కారే. 2017లో కొన్నది, మా నల్లగొండ టీఎస్ 05 నంబరు, వెయ్యి సీసీల మూడు సిలిండర్ల చిన్న బండి. స్టార్ట్ చేస్తే పక్కగదిలో మిక్సీ తిరిగినట్టు ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగితే, ఇంజన్ నడుస్తున్నదో ఆగిందో తెలియక మీటరు చూసుకుంటాను. ఇన్నాళ్లూ అది దాని మంచి గుణం అనుకున్నాను. పద్నాలుగోసారి విన్నాక అదే అవమానంలా తోచింది.

ఆ ఆదివారమే హైదరాబాద్ నుంచి మా బామ్మర్ది దిగాడు. మన బుద్ధిలో ఒక పిచ్చి మొలకెత్తి నీళ్ల కోసం చూస్తున్నప్పుడు బామ్మర్దులు బిందెతో వస్తారు.

"బావా, నీ బండిల ఏం తక్కువ లేదు. కంపెనీవోళ్లు గొంతు నొక్కి పెట్టిన్రు, అంతే. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఏపిస్తే పులే."

ఆ "పులే" దగ్గర నేను పడిపోయాను.

దేవరకొండ రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డుకు వెళ్లాం. ఉస్తాద్‌కు అరవై దాటి ఉంటాయి. నా మాట పూర్తిగా విని, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ బండిని చూశాడు, నన్ను చూశాడు, నా నెరిసిన మీసాన్ని కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"కొడుకు కోసమా సార్?"

"కాదు. నాకే."

ఉస్తాద్ ఇంకేం అనలేదు. మూలన పడి ఉన్న కుప్పలోంచి, నిలువునా కోసిన ఒక పాత సైలెన్సర్ డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. నేను అప్పటిదాకా అది ఖాళీ డబ్బా అనుకునేవాణ్ని. లోపల మూడు అరలున్నాయి. ఒళ్లంతా చిన్న చిన్న బెజ్జాలున్న గొట్టాలు, ఒకటి ముందుకు పోతే ఇంకోటి వెనక్కి వస్తున్నది. ఇంజన్ నుంచి తోసుకొచ్చిన చప్పుడు ఈ అరల్లో తిరిగి, గోడకు తగిలి మళ్లి, వెనకాల వచ్చే చప్పుడుతో ఢీకొని, ఒకదాన్నొకటి మింగేస్తాయట. ఉమ్మడి కుటుంబంలో కొట్లాట లాంటిది. లోపల ఎంత జరిగినా గడప దాటేసరికి గుసగుస మాత్రమే. నేను వేయించుకోబోయే దాంట్లో అరల్లేవు, మలుపుల్లేవు. బెజ్జాల గొట్టం ఒకటే తిన్నగా ఉంటుంది, చుట్టూ గాజు దూది. లోపలి కోపం ఉన్నది ఉన్నట్టు వీధిలోకి.

"ముందలున్న కన్వర్టర్ జోలికి మాత్రం పోను సార్. పొగల ఇషాన్ని అదే సంపుతది" అన్నాడు. ఆ తర్వాత, గ్రైండర్ చేతిలోకి తీసుకుంటూ, నాకు వినిపించీ వినిపించకుండా, "ఎంత బిగిచ్చినా డప్పు సన్నాయి కాదు" అన్నాడు. నేను విననట్టు చేశాను. రవ్వలు లేచాయి, కాలిన తుప్పు వాసన వచ్చింది, నా పాత సైలెన్సర్ ధబ్బున కింద పడింది. పానగల్ దారిలో ఒక స్పీడ్ బ్రేకర్ కొట్టిన సొట్ట దాని పొట్ట మీద ఇంకా ఉంది.

ఏడున్నర వేలు తీసుకుని, ఆ సొట్ట డబ్బాను డిక్కీలో పెడుతూ ఉస్తాద్ ఒక్క మాట అన్నాడు: "దాచిపెట్టు సార్. మళ్లొస్తవ్."

షెడ్డులో స్టార్ట్ చేస్తే నిజంగానే బాగుంది. రేకులు కూడా గొంతు కలిపి ఉరిమాయి. బామ్మర్ది నా భుజం తట్టాడు. షెడ్డులోంచి బయటికి రాగానే సగం పులి ఆ రేకుల కిందే ఉండిపోయింది. రోడ్డు మీదికి వచ్చిన మిగతా సగం, మా బత్తాయి తోటల్లో మందు కొట్టే తైవాన్ పంపులా ఉంది.

కారణం తర్వాత ఆఫీసు కాలిక్యులేటర్ మీద దొరికింది. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, ఎనిమిది సిలిండర్ల మస్టాంగ్‌లో సెకనుకు 133 పేలుళ్లు. అవి కూడా ఇంజన్‌కు రెండు పక్కలున్న సిలిండర్లలో కుడి ఒకటి, ఎడమ ఒకటి అని వరసగా రాకుండా అటొకటి, ఇటు రెండు అన్నట్టు వస్తాయి, ఆ గుడగుడ అందుకే. నా బండిలో సెకనుకు 50. టకటకా టకటకా, టైపు మిషన్ మీద పరీక్ష రాస్తున్నట్టు. ఆ సైలెన్సర్‌లో ఏ గొట్టం పెట్టినా మిగతా అయిదు సిలిండర్లు ఎక్కడినుంచి వస్తాయి? ఈ లెక్క ఏడున్నర వేలకు ముందు వేసి ఉంటే ఈ కథే లేదు.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది. వానాకాలం, ఊరంతా డెంగీ భయం. కొత్త గొట్టానికి అంటుకున్న నూనె కాలి వెనక నుంచి సన్నగా తెల్ల పొగ వస్తున్నది. ఆ పొగతో, ఆ చప్పుడుతో నేను రామగిరిలో మా సందులోకి తిరిగాను. ముందు ఒక పిల్లవాడు గేటు ఎక్కి చూశాడు. మరుక్షణం సందు మారుమోగింది.

"దోమల మందు బండొచ్చిందోయ్!"

ఎక్కడి పిల్లలు అక్కడినుంచి ఉరికొచ్చి నా కారు వెనక పొగలో గంతులు మొదలుపెట్టారు. ధడధడా కిటికీలు మూసుకున్నాయి. ఎదురింటామె ఆరేసిన బట్టలు చంకలో పెట్టుకుని, పాలగిన్నె మీద మూత పెట్టమని లోపలికి కేకేసింది. నేను అద్దం దించి "నేనే, నేనే" అన్నాను. ఎవరికి వినపడుతుంది? మూడో ఇంటి పెద్దమనిషి బనీను మీద బయటికొచ్చి, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని, డ్రైవరు ఎవరో కూడా చూడకుండా అద్దం మీద తట్టాడు.

"మా మోరీ కాడ కొడ్తలేరు మీరు. పోయినసారి గూడ గట్లనే పోయిన్రు. ఎనుకకు తీస్కో."

నేను వెనక్కి తీసుకున్నాను. ఏం చెప్పమంటారు? ఆయన మోరీ పక్కన ఒక నిమిషం ఇంజన్ నడిపి, ఆయన తృప్తిగా తల ఊపాక, మా గేటు దగ్గర పార్క్ చేశాను. బండి దిగినప్పుడు ఆయన నన్ను గుర్తుపట్టాడు. ఆ చూపు మీకు వర్ణించలేను.

దాన్నయినా ఓర్చుకున్నాను. తట్టుకోలేనిది ఇంకోటి బయటపడింది. నాకు షుగరు. ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు మా మలుపు దగ్గర ఒక బండి మీద మిరపకాయ బజ్జీలు వేస్తారు. వాముపొడి కూరి, మధ్యకు చీల్చి, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు నింపి, పైన నిమ్మకాయ పిండి ఇస్తాడు. నేను రోజూ అక్కడ ఆగుతానని దేవుడికీ, ఆ బజ్జీలాయనకూ తప్ప నరమానవుడికి తెలియదు. మూడో రోజు ఇంట్లో కాలు పెట్టగానే మా ఇంటామె టీవీ మీది నుంచి చూపు తిప్పకుండా అడిగింది.

"ఎన్ని తిన్నవ్?"

"ఏంటివి?"

"ఆరుంబావుకు మలుపు కాడ బండి ఆగింది. ఏడు నిమిషాలకు మళ్ల స్టార్టయింది. ఏడు నిమిషాలల్ల నాలుగన్న తింటరు."

నాలుగే. ఇన్నేళ్లు కాపాడుకున్న రహస్యాన్ని ఏడున్నర వేలు పోసి మైకులో చెప్పించుకున్నాను. అప్పటినుంచి నేను ఎక్కడ ఆగానో, ఎక్కడ తిరిగానో, ఎవరింటి ముందు నుంచి హారన్ కొట్టకుండా జారుకున్నానో ఊరందరికీ తెలుస్తూనే ఉంది. చిట్టీ డబ్బుల కోసం వెతుకుతున్న ఆయన నన్ను చప్పుడుతోనే పట్టుకున్నాడు.

మా అమ్మ ఒక్కతే సంతోషపడింది. ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు. "ఇప్పుడు మంచిగున్నది బిడ్డా. నువ్వు సందు తిరగంగనే ఎరికైతున్నది, టీ పెడ్తున్న" అన్నది. ఒక్క ఆ మాట కోసమే ఇంకో రెండు వారాలు భరించాను.

ఒక సోమవారం చెర్వుగట్టుకు పోయాం. హైదరాబాద్ రోడ్డు మీద ఎనభై దగ్గర బండి నడుస్తుంటే బయటికి పెద్ద చప్పుడేం లేదు, లోపల మాత్రం తలకాయ కుండలో పెట్టి ఎవరో ఊదుతున్నట్టు ఒకటే రొద. అద్దం వణికింది, నీళ్ల సీసా వణికింది, మా ఇంటామె గొంతు కూడా వణుకుతూ వచ్చింది: "కొబ్బరికాయ దేవుని ముందల్నే పలగాలె. డిక్కీలనే పలిగెటట్టున్నది." గట్టు ఎక్కేటప్పుడు బండి అరుపులు అరిచింది కానీ మునుపటి లాగుడు లేదు. గొట్టం లావైతే నెమ్మదిగా పోయేటప్పుడు పొగ వేగం తగ్గి ఇంజన్ లాగుడు పోతుందట. ఇది కూడా ఉస్తాద్ చెప్పే ఉంటాడు, గ్రైండర్ చప్పుడులో.

పోలీసుల సంగతి తొందరగా చెప్పేస్తాను, పరువు తక్కువ విషయం. నేను ముందే చదువుకుని ఉన్నాను. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్, 2019 సవరణ తర్వాత, చప్పుడు హద్దు దాటితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. గడియారం సెంటర్ దగ్గర కానిస్టేబుల్ చెయ్యెత్తగానే నా గుండె ఆగింది. ఆయన వంగి, ఎంతో జాలిగా అన్నాడు:

"సైలెన్సర్ ఊడిపోయినట్టుంది సార్. జర మెల్లగ పోయి వెల్డింగ్ పెట్టిచ్చుకోండ్రి. దారిల పడ్తే ఎనుకొచ్చే బైకులోళ్లకు దెబ్బ తాకుతది."

"సరే" అని వచ్చేయాల్సింది. మీరైతే వచ్చేసేవారు. నాలో ఆ సగం పులి లేచింది. "ఊడిపోలే. నేనే ఏపిచ్చిన. స్పోర్ట్స్ సౌండ్" అన్నాను.

ఆయన మొహంలో జాలి మెల్లగా ఆరిపోయింది. ఫోను తీసి నంబరు ప్లేటు ఫొటో కొట్టాడు.

ఆ రాత్రి డల్లాస్‌కు ఫోన్ చేసి నా గోడు వెళ్లబోసుకుంటే వాడు నవ్వాడు. "అన్నా, నా బండిల గుడ్ నైబర్ మోడ్ ఉన్నది గద. పొద్దుగాల మెల్లగ స్టార్టయితది." అంటే పక్కింటోళ్ల మోడ్ అన్నమాట. ఫోర్డ్ కంపెనీలో ఒక పెద్ద ఇంజనీరు తన ఇంట్లోంచి షెల్బీ మస్టాంగ్ వెనక్కి తీస్తుంటే, ఆ చప్పుడుకు పొరుగింటివాళ్లు పోలీసులను పిలిచారట. ఆ దెబ్బకు 2018 మోడల్‌లో మీట పెట్టారు. టైము పెట్టుకుంటే చాలు, ఆ వేళల్లో స్టార్టింగ్ చప్పుడు 82 డెసిబెళ్ల నుంచి 72కు దిగుతుంది. పది తగ్గితే చెవికి సగమైనట్టే.

మా సందులో నైబర్లు ఉన్నారు, మోడ్ లేదు. మా పక్కింటాయన పోలీసులను పిలవలేదు, గొడవకూ రాలేదు. నేను వచ్చే వేళకు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, నా బండి మలుపు తిరగగానే భుజం మీది కండువా తీసి, చెవుల మీదుగా తలకు చుట్టుకుని, ముడి వేసి, నేను ఇంజన్ ఆపాక అంతే నిదానంగా విప్పేవాడు. రోజూ. ఒక్క మాట లేదు. పదహారో రోజు నేను ఆ ముడి చూడలేకపోయాను.

పాత సైలెన్సర్ కోసం మెట్ల కింద వెతికితే లేదు. మా ఇంటామెను అడిగాను.

"గా తుప్పు డబ్బానా? పాత ఇనుప సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చే ఆటో వస్తె ఏసిన. మూడు కిలోలిచ్చిండు."

"ఉల్లిగడ్డలేవీ?"

"నిన్న కోడికూరల తింటివి గద."

ఆ ఆటో సామానంతా చేరే పాత ఇనుప దుకాణానికి పరుగెత్తాను. కుప్ప మీద ఎక్కి వెతికితే, సైకిల్ రిమ్ముల కింద, నా పానగల్ సొట్ట నన్ను చూసింది. తూకం మీద ఆరు కిలోలు ఉంది. దుకాణదారు తొమ్మిది వందలన్నాడు.

"ఇనుము రేటుకు ఇంతనా?" అన్నాను.

"నా దగ్గరికి వచ్చినప్పుడు ఇనుమే సార్. నువ్వు అడిగినవ్, సైలెన్సరయింది."

ఉస్తాద్ నన్ను చూసి ఏమీ అనలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉంటాను. వెల్డింగ్ పెట్టి, రబ్బర్లు తగిలించి, కూలి రెండు వందలే తీసుకున్నాడు.

సాయంత్రం చప్పుడు లేకుండా వస్తూ మలుపు దగ్గర ఏడు నిమిషాలు ఆగాను. పక్కింటాయన కండువా భుజం మీదే ఉంది. గేటు నేనే తీసుకుని, బండి లోపల పెట్టి, మూతి తుడుచుకుని ఇంట్లోకి నడిచాను. వంటింట్లోంచి వస్తూ అమ్మ నన్ను చూసి అదిరిపడ్డది.

"ఎట్లొచ్చినవ్ బిడ్డా, నడ్సుకుంటనా? బండి అమ్మినవా ఏంది?"