నేర్పకుండానే దండనా?

ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు ఇచ్చే గడువు దగ్గరపడితే చాలు, జిరాక్స్ సెంటర్ల దగ్గర బేరాలు మొదలవుతాయి. ఇతరుల రాతలతో పోలిక ఎంతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టే ‘సిమిలారిటీ’ శాతం తగ్గించి పెడతామనే దందా అది. ఇతరుల రాతను మూలం చెప్పకుండా వాడుకునే ఈ గ్రంథచౌర్యం నేరమంతా విద్యార్థుల నెత్తిన రుద్ది వర్సిటీలు చేతులు దులుపుకోవడం సిగ్గుచేటు.

2018లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన గ్రంథచౌర్య నిరోధక నిబంధనల్లో శిక్షల భాగం మన అధికారులకు కంఠతా వచ్చు. పోలిక 10 శాతం దాటితే గరిష్ఠంగా 6 నెలల్లో సవరించి ఇవ్వాలి. 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మరి అవే నిబంధనలు సంస్థల మీద పెట్టిన బాధ్యత మాటేమిటి? మూలాన్ని ఎలా పేర్కొనాలో విద్యార్థులకు నేర్పాలని, సెమిస్టర్‌కోసారి అవగాహన సదస్సు పెట్టాలని, డిగ్రీ, పీజీ సిలబస్‌లో దీన్ని తప్పనిసరి చేయాలని వాటిలోనే ఉంది. పీహెచ్‌డీ వారికి 30 గంటల కోర్సు 2019 డిసెంబరులో వచ్చింది. పీహెచ్‌డీకి వచ్చేసరికే పాతుకుపోయిన అలవాటును అది ఏమాత్రం మారుస్తుంది?

డిగ్రీకి వచ్చాక రాయడం కూడా నేర్పాలా అని కొందరు అధ్యాపకుల వాదన. నేర్పాల్సిందే. ఇంటర్ దాకా గైడులోని జవాబును పొల్లుపోకుండా దించినవారికే మనం మార్కులు వేశాం. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22లో డిగ్రీ అంతటినీ ఇంగ్లిష్ మీడియంలోకి మార్చారు. తెలుగులో చదివి వచ్చిన పిల్లలు పుస్తకంలోని వాక్యాన్నే ఎత్తి, నాలుగు మాటలు మారుస్తున్నారు. ‘వర్షాల జాప్యంతో పత్తి దిగుబడి తగ్గింది’ అన్నదాన్ని ‘వానల ఆలస్యంతో పత్తి ఉత్పత్తి పడిపోయింది’ అని మార్చి, మూలం చెప్పకపోతే అదీ చౌర్యమేనని వారికి చెప్పిందెవరు?

నేర్పడం బ్రహ్మవిద్యేమీ కాదు. నోట్సు రాసేటప్పుడే రచయిత పేరు, ప్రచురించిన ఏడాది, పేజీ నంబరు వేయించాలి. యథాతథంగా దించిన వాక్యానికి అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు పెట్టించాలి. లేదంటే నెల తిరిగేసరికి ఏది తన మాటో, ఏది పుస్తకానిదో రాసినవారికే తెలియదు. ఆపై పుస్తకం మూసి సొంత మాటల్లో రాయించి, మళ్లీ తెరిచి సరిచూసుకోమనాలి. వారానికో పేజీ రాయించి, దిద్ది, తిరగరాయించాలి. 60 మంది తరగతిలో పేజీకి 5 నిమిషాల చొప్పున దిద్దినా వారానికి 5 గంటలు. ఆ గంటలను పనిభారంలో లెక్కగట్టకుండా, ఖాళీ పోస్టులు నింపకుండా సర్క్యులర్లు పంపితే ఒక్క పేజీ కూడా దిద్దరు.

సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకెనే తీర్పుగా తీసుకోవడం మరో ఘోరం. మూలం చెప్పి ఉటంకించిన భాగాన్ని, గ్రంథసూచిని లెక్కలోంచి తీసేయాలని నిబంధనే చెబుతోంది. ఆ సాఫ్ట్‌వేర్ రిపోర్టును పేజీ పేజీ తిప్పి చూడాల్సింది విద్యార్థికి గైడుగా ఉన్న అధ్యాపకుడే.

ఇకపై గ్రంథచౌర్యమంటూ నోటీసు ఇచ్చే ప్రతి వర్సిటీ, ఆ విద్యార్థికి రాయడం ఎప్పుడు, ఎన్ని గంటలు నేర్పిందో ఆ నోటీసులోనే చెప్పాలి. అది చెప్పలేని వైస్ చాన్సలర్లు ముందు తమ సంజాయిషీ రాసుకోవాలి.