అభిమానిని అడిగి మార్చండి

అమెరికా ఖండాల్లోని లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే కంప్యూటర్ ఆట పోటీలన్నిటినీ ఒకే గొడుగు కిందికి తెస్తామంటూ ఆ ఆటను రూపొందించిన రయట్ గేమ్స్ ప్రారంభించిన ఎల్‌టీఏ లీగ్ ఒక్క ఏడాదికే ముగిసిపోయింది. ఉత్తర అమెరికాకు చెందిన ఎల్‌సీఎస్, బ్రెజిల్‌కు చెందిన సీబీలోల్, స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా దేశాల ఎల్‌ఎల్‌ఏ లీగులను కలిపేస్తున్నట్లు ఆ సంస్థ 2024 జూన్‌లో ప్రకటించింది. 2025 జనవరిలో కొత్త లీగ్ మొదలైంది. సెప్టెంబర్‌లో ఫ్లైక్వెస్ట్ జట్టు టైటిల్ గెలిచింది. ఆ సంబరం చల్లారకముందే, 2026 నుంచి ఎల్‌సీఎస్, సీబీలోల్ మళ్లీ వేర్వేరుగా జరుగుతాయన్న ప్రకటన వెలువడింది. ఈ నిర్ణయాన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. తప్పు దిద్దుకోవడానికి పెద్ద సంస్థలు సాధారణంగా ఇంతకన్నా ఎక్కువ కాలమే తీసుకుంటాయి. కానీ విలీనం మాట విన్న రోజే అభిమానులు అభ్యంతరం చెప్పారు. వారి మాట అప్పుడే చెవికెక్కి ఉంటే ఒక సీజన్ వృథా అయ్యేది కాదు.

అభిమానుల ఆగ్రహాన్ని మార్పు పట్ల మొండితనంగా కొట్టిపారేయడం ఈ-స్పోర్ట్స్ (కంప్యూటర్, మొబైల్ ఆటల పోటీలు) నిర్వాహకులకు అలవాటైంది. ఎల్‌టీఏ విషయంలో ఆ మాట చెల్లదు. సరిగ్గా అదే ఏడాది, అదే ఆటలో, అంతకన్నా పెద్ద మార్పు ఒకటి వచ్చింది. దాన్ని అదే ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. అదే ఫియర్‌లెస్ డ్రాఫ్ట్. డ్రాఫ్ట్ అంటే గేము మొదలయ్యే ముందు జట్లు తమ పాత్రలను ఎంచుకునే ఘట్టం.

ఈ ఆటలో ఒక్కో జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు. ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ఎంచుకుని బరిలోకి దిగుతారు. ఎంచుకోవడానికి 170కి పైగా పాత్రలున్నా, ఆ నెలలో బలంగా ఉన్న పదో పదిహేనో పాత్రలే ప్రతి గేములోనూ కనిపించేవి. ఐదు గేముల సిరీస్ చూస్తే ఒకే గేమును ఐదుసార్లు చూసినట్లుండేది. ఫియర్‌లెస్ విధానంలో ఒక సిరీస్‌లో ఒకసారి ఆడిన పాత్రను మళ్లీ ఏ జట్టూ తీసుకోకూడదు. 2025 నవంబర్‌లో చెంగ్డూలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో టీ1, కేటీ రోల్‌స్టర్ జట్లు ఐదో గేము వరకు వెళ్లాయి. ఆ చివరి డ్రాఫ్ట్‌కు కూర్చునేసరికి 40 పాత్రలు అప్పటికే చేజారాయి. ఎదుటివారికి దక్కకుండా ఆ గేముకు రెండు జట్లూ నిషేధించిన మరో 10 పాత్రలు కూడా లేవు. ప్రపంచ కిరీటం తేల్చే గేములో ఆటగాడు తనకు బాగా అలవాటైన పాత్రలన్నీ పోగా మిగిలినవాటితో నిలవాలి. ఎవరి సాధన ఎంత లోతైనదో అక్కడే బయటపడుతుంది. టీ1 ఆ గేము గెలిచి వరసగా మూడో ఏడాది ప్రపంచ విజేతగా నిలిచింది. ఫియర్‌లెస్‌ను వద్దన్నవారు లేకపోలేదు. తమకిష్టమైన ఆటగాడి పేరుతో ముడిపడిన పాత్రను సిరీస్ అంతా చూడలేకపోతున్నామని కొందరు బాధపడ్డారు. అది న్యాయమైన బాధే. అయినా మెజారిటీ ప్రేక్షకులు ఈ మార్పు వెంటే నడిచారు.

ఇక్కడ గమనించాల్సింది ఆ మార్పు వచ్చిన తీరు. ఫియర్‌లెస్‌ను రయట్ మొదట ఏడాది తొలి దశకే ప్రకటించింది. సియోల్‌లో మార్చిలో జరిగిన ఫస్ట్ స్టాండ్ టోర్నీ దాకా నడిపి, ఆదరణ చూశాకే ఏడాది మొత్తానికి పొడిగించింది. నచ్చకపోతే వెనక్కి తీసుకునే దారి ముందే ఉంది. ఎల్‌టీఏకు అలాంటి దారి పెట్టలేదు. పాత లీగుల పేర్లు, ముద్రలు, లెక్కలు ఒక్క వేటుతో పక్కన పెట్టేశారు.

పేరులో ఏముందని అడిగేవారు 2015 ఆగస్టును గుర్తు చేసుకోవాలి. ఆనాడు న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఎల్‌సీఎస్ ఫైనల్ జరిగింది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి కాలు దువ్విన సీఎల్‌జీ, టీఎస్ఎం జట్లు తలపడ్డాయి. సీఎల్‌జీ 3-0తో గెలిచి తొలి టైటిల్ అందుకుంది. ఆ తర్వాత ఏం జరిగింది? 2023లో సీఎల్‌జీ అమ్ముడుపోయింది, ఆ పేరే లీగ్ నుంచి మాయమైంది. టీఎస్ఎం కూడా అదే ఏడాది చివరికి తప్పుకుంది. గోల్డెన్ గార్డియన్స్, ఈవిల్ జీనియసెస్ వెళ్లిపోవడంతో 10 జట్ల లీగ్ 2024లో 8కి తగ్గింది. 2023 వేసవి టైటిల్ గెలిచిన ఎన్‌ఆర్‌జీ సైతం 2024 తర్వాత నిలవలేదు. జట్లు పోయినా అభిమాని పోలేదు. తను పట్టుకోవడానికి అతనికి మిగిలింది లీగ్ పేరొక్కటే. 2013 నుంచి ఉన్న ఆ పేరును కూడా తీసేస్తే, ఆ పదేళ్ల జ్ఞాపకాలను అతను దేనికి ముడివేసుకోవాలి?

బ్రెజిల్‌ది మరో బాధ. అక్కడ ఈ ఆటకున్న జనాదరణకు 2015 ఫైనల్ ఒక సాక్ష్యం. సావో పాలోలోని అలియాంజ్ పార్కీ ఫుట్‌బాల్ స్టేడియంలో వేల మంది మధ్య పెయిన్ గేమింగ్ టైటిల్ గెలిచింది. పోర్చుగీసులో వ్యాఖ్యానం, తమ పాటలు, తమ నినాదాలు, తమ ఛాంపియన్. ఇవన్నీ ఉన్నవారిని పిలిచి ఇకపై మీరు ఒక పెద్ద లీగులో దక్షిణ భాగం అంటే ఎవరు ఒప్పుకుంటారు? పైగా 2024 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉత్తర అమెరికాకు 3, బ్రెజిల్‌కు 1, లాటిన్ అమెరికాకు 1 చొప్పున మొత్తం 5 బెర్తులుండేవి. 2025లో ఎల్‌టీఏ అంతటికీ కలిపి దక్కినవి 3. ఖండాలు కలిసినందుకు బలం పెరుగుతుందని చెప్పి, ప్రపంచ వేదికపై చోటు తగ్గించారు. అభిమానులు ఈ లెక్కను పదే పదే ఎత్తి చూపారు. దానికి సంతృప్తికరమైన జవాబు రాలేదు.

రయట్ వైపు నుంచి కూడా ఆలోచించాలి. ఉత్తర అమెరికాలో జట్ల యజమానులు ఏళ్లుగా నష్టాలు మోస్తున్నారు. పెట్టుబడులు ఉరకలెత్తిన రోజుల్లో ఇచ్చిన జీతాలు ఆ తర్వాత భరించలేనివయ్యాయి. 2023 మేలో అయితే కొత్త ఆటగాళ్లను తీర్చిదిద్దే అకాడమీ జట్లు తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తివేసినందుకు ఆటగాళ్లే ఆట ఆపేశారు. వేసవి సీజన్ రెండు వారాలు వాయిదా పడింది. ఏదో ఒకటి చేయక తప్పని స్థితి అది. ఉత్తరం డబ్బును, దక్షిణం జనాన్ని ఒకచోట చేర్చాలన్న ఆలోచనలో తర్కం ఉంది. రెండు ప్రాంతాల జట్లు ముఖాముఖి తలపడినప్పుడు మంచి ఆట కూడా చూశాం. బ్రెజిల్ జట్టు వీవో కెయిడ్ స్టార్స్ ఫైనల్ దాకా రావడం ఆ ఏడాది మిగిల్చిన తీపి గుర్తు. ఇలాంటి పోటీకి ఏడాదికొక టోర్నీ చాలు. ఇళ్లు కూల్చి ఒకే ఇల్లు కట్టాల్సిన పని లేదు.

ఎల్‌సీఎస్‌కు ఈ అనుభవం కొత్తది కాదు. 2023 వసంతంలో మ్యాచులను వారాంతం నుంచి గురు, శుక్రవారాలకు మార్చారు. శని, ఆదివారాలు అదే సంస్థ నడిపే వాలొరెంట్ అనే మరో ఆట లీగుకు వెళ్లాయి. బడికో ఆఫీసుకో వెళ్లే మనిషి పని రోజున మధ్యాహ్నం మ్యాచ్ ఎలా చూస్తాడని అభిమానులు నిలదీశారు. 2024లో మ్యాచులు తిరిగి వారాంతానికే వచ్చాయి. ఒకే గేముతో ఫలితం తేల్చాలా, మూడు గేముల సిరీస్ ఆడించాలా అన్న వాదన ఇంకా పాతది. 2016 వేసవిలో మూడు గేముల పద్ధతి తెచ్చి, 2018లో మళ్లీ ఒకే గేముకు వెళ్లారు. ఈ విషయంలో మాత్రం అభిమానులందరిదీ ఒకే మాట కాదు. ఆటను లోతుగా చూసేవారికి మూడు గేములు కావాలి. పని ముగించుకుని కాసేపు తమ జట్టును చూసి నిద్రపోవాలనుకునేవారికి అంత సమయం ఉండదు. ఇలాంటి చోట నిర్వాహకులు ఏదో ఒక పక్క నిలవాల్సిందే, కొందరి కోపం భరించాల్సిందే. ఆ మాట మేమూ ఒప్పుకుంటాం. అయితే ఏ పక్క నిలిచారో, ఎందుకు నిలిచారో అంకెలతో సహా ముందే చెప్పాలి. అది చెప్పనందువల్లే ప్రతి నిర్ణయం వెనుకా ఏదో దాస్తున్నారన్న అనుమానం పెరిగింది.

ఈ చర్చ మనకు దూరమైనది కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. 2022 జులైలో బీజీఎంఐ అనే మొబైల్ ఆట ఉన్నట్టుండి యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయి 2023 మేలో తిరిగి వచ్చేదాకా, దాన్నే నమ్ముకున్న ఆటగాళ్లు, చూసేవారు పడిన అవస్థ మనకు తెలుసు. ఇకపై మన దేశంలోనూ లీగులు పెరుగుతాయి. సీజన్ మధ్యలో నిబంధనలు మార్చకూడదని, ఫార్మాట్ మారితే కనీసం ఒక సీజన్ ముందే ప్రకటించాలని, పెద్ద మార్పులను మొదట చిన్న టోర్నీలో పరీక్షించాలని గుర్తింపు ఇచ్చే సంస్థలు ఇప్పుడే రాతపూర్వకంగా షరతు పెట్టాలి. అభిమానుల ప్రతినిధులకు ఆ చర్చలో ఒక కుర్చీ ఉండాలి.

అమెరికా ఖండాల్లో మాత్రం పని సగమే అయింది. ఎల్‌సీఎస్ వచ్చింది, సీబీలోల్ వచ్చింది, ఎల్‌ఎల్‌ఏ రాలేదు. మెక్సికో, చిలీ, పెరూ, అర్జెంటీనా అభిమానులకు ఇది రెండో దెబ్బ. 2019లోనే ఉత్తర, దక్షిణ లాటిన్ లీగులు రెంటినీ కలిపి ఎల్‌ఎల్‌ఏ చేశారు. అప్పుడు ఒకసారి సర్దుకుపోయారు. ఇప్పుడు వారి జట్లలో లియాన్ ఎల్‌సీఎస్‌లోకి, లెవియాటన్ సీబీలోల్‌లోకి వెళ్లాయి. స్పానిష్ మాట్లాడే ప్రేక్షకుడికి తన భాషలో, తన జట్ల మధ్య జరిగే అగ్రశ్రేణి లీగంటూ లేదు. గొంతు పెద్దదైన ప్రాంతాల మాట వినిపించుకున్న రయట్, సంఖ్యలో చిన్నదైన ఈ ప్రాంతం మాట కూడా వినాలి. 2027 ఫార్మాట్ ఖరారయ్యేలోపు స్పానిష్ ప్రాంతానికి సొంత లీగు ఇవ్వాలి. అది సాధ్యం కాకపోతే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు నేరుగా చేరే ఒక అర్హత టోర్నీనైనా ప్రకటించాలి.