సీటును ఆపడానికి నేల రేకు చాలదు

సరుకుల వ్యానుకు ప్రయాణికుల సీట్లు అమర్చడాన్ని వివరించిన ఒక వ్యాసంలో, వ్యాను నేల రేకుకు బోల్టులు బిగిస్తే సరిపోతుందన్న మాటతో నేను ఏకీభవించలేను. వేగంగా వెళ్తున్న బండి ఒక్కసారిగా ఆగినప్పుడు, సీటు మనిషి బరువుకు ఎన్నో రెట్ల బలంతో ముందుకు లాగుతుంది కనుక, బోల్టు వాషరుతో సహా ఆ పలుచని రేకును చీల్చుకొని పైకి వచ్చేయవచ్చు. అడుగున మందపాటి ఇనుప పలకలు వేసి, వీలైనచోట చాసిస్‌కు (బండి అడుగు చట్రానికి) కలిపి, ఎక్కువ బలాన్ని తట్టుకునే 8.8 గ్రేడు ఉక్కు బోల్టులే వాడాలి. డ్రిల్లు పెట్టేముందు కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. మేడారం జాతరకు సరుకుల బండ్లలో కుటుంబాలు వెళ్లడం మా వరంగల్ వైపు కొత్తేమీ కాదు గానీ, ఇటువంటి మార్పును అనుమతి లేకుండా చేయించుకోవడానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) గూడ్స్ అని ఉండగా ప్రమాదం జరిగితే బీమా సంస్థ కూడా పరిహారానికి అభ్యంతరం చెప్పవచ్చు.